10 లీటర్ల గేదె, 4 లీటర్ల లెక్క: నాలుగు గేదెల పాడికి ఖర్చు, రాబడి అంచనా వేసుకోవడం ఎలా

మొదటి రెండు గేదెలు కొనే ముందు నేను వేసిన లెక్క ఒక శుభలేఖ వెనక ఉండేది. గేదెకు రోజుకు 10 లీటర్లు, రెండు గేదెలు, లీటరు 60 రూపాయలు, 365 రోజులు. గుణిస్తే 4,38,000. దాణాకీ గడ్డికీ సగం పోయినా రెండు లక్షల పైమాటేనని అమ్మకు చూపించాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "వట్టిపోయిన్నాడు కూడా గడ్డెయ్యాలిగా నాయనా, ఆ లెక్కేదీ?" అంది.

పాలివ్వని ఆ రోజుల లెక్క లేకే మొదటి ఏడాది దెబ్బతిన్నాను. సంతలో బేరం మొదలుకొని బ్యాంకు మెట్ల దాకా పాడి లెక్కలన్నీ గేదె బాగా ఇచ్చే రోజుల మీదే నడుస్తాయి. మనం ఇల్లు గడుపుకోవాల్సింది అన్ని రోజుల మీద.

ఇక్కడ నాలుగు ముర్రా జాతి గేదెల (తెలంగాణ వైపు బర్రెలంటారు) లెక్క మొత్తం వేసి చూపిస్తాను. మాది పల్నాడు వైపు, సాగర్ కాలువ కింద. ధరలు నా నోటు పుస్తకంలోవి. మీ ఊళ్లో ఇవే ఉండవు కాబట్టి అంకెలు మార్చుకోండి, వరస మాత్రం ఇదే ఉంచుకోండి.

ముందు ఒక పాత బిల్లుల కట్ట సంపాదించండి

కాగితం మీద పెన్ను పెట్టకముందే మీ ఊళ్లో నాలుగైదేళ్లుగా గేదెలు మేపుతున్న ఇంటికి వెళ్లండి. ఎంత మిగులుతుందని అడగొద్దు. నిజం చెప్పాలన్నా వాళ్లకూ తెలియదు. పాల కేంద్రం వాళ్లిచ్చిన బిల్లులు ఏడాదివి ఉంటే చూపించమనండి. మా దగ్గర 15 రోజులకొక బిల్లు వస్తుంది. అందులో ఏ పూట ఎన్ని పాలు, వెన్న శాతం ఎంత, ఎంత కట్టిచ్చారు అన్నీ ఉంటాయి. వేసవిలో పాలు ఎంత పడిపోతాయో, ఎన్ని నెలలు బిల్లు సన్నగా వస్తుందో ఆ చీటీలు చెప్పినంత స్పష్టంగా ఇంకెవరూ చెప్పలేరు.

అదే తిరుగుడులో మరో రెండు ధరలు రాసుకోండి: దాణా బస్తా ఎంత, వరిగడ్డి కోతలప్పుడు ఎంత, ఏప్రిల్‌లో ఎంత.

ఈత నుంచి ఈత దాకా లెక్క వేయండి

అసలు కీలకం ఇక్కడే ఉంది. గేదె లెక్కను ఏడాదికి వేయకూడదు. ఒకసారి ఈనిన రోజు నుంచి మళ్లీ ఈనిన రోజు వరకు వేయాలి.

గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. ఈనిన తర్వాత మళ్లీ ఎదకొచ్చి, సూది (కృత్రిమ గర్భధారణకు) వేయించి, చూడి కట్టడానికి ఎన్నాళ్లు పడుతుందన్నదే మన చేతిలో కొంత, దేవుడి చేతిలో కొంత. 90 రోజుల్లో కడితే ఈతకూ ఈతకూ మధ్య 400 రోజులు. నాలుగున్నర నెలలు దాటితే 450 రోజులు. గేదెకు వేసవిలో మూగ ఎద ఎక్కువ. అరవదు, పెద్దగా లక్షణాలు చూపదు, మనం గమనించేలోపు దాటిపోతుంది. అందుకే నేను 450 వేసుకుంటాను. మీరూ అదే వేసుకోండి, తగ్గితే సంతోషమే.

ఈ 450 రోజుల్లో పాలిచ్చేది 300 రోజులు. సంతలో "పూటకు అయిదు" అని చెప్పేది ఈనిన రెండో నెలలో ఇచ్చే పాలు. ఆ తర్వాత నెలనెలా తగ్గుతూ చివరికి పూటకు లీటరున్నరకు దిగుతుంది. దూడ తాగింది పోను క్యానులో పడేది 300 రోజుల సగటున రోజుకు 6 లీటర్లు వేసుకుంటే ఈతకు 1,800 లీటర్లు. దీన్ని 450తో భాగిస్తే 4.

అంటే 10 లీటర్ల గేదె మన పుస్తకంలో 4 లీటర్ల గేదె. ఈ ఒక్క అంకె ఒప్పుకోగలిగితే మిగతా లెక్క అంతా దారిలో పడుతుంది.

సంత సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ముందు పూట పిండకుండా వదిలేస్తే పొదుగు నిండుకుండలా కనిపిస్తుంది. బేరగాడు మీ ముందు పిండి చూపించిన ఆ ఒక్క పూటను లెక్కలో వేసుకోవద్దు. సాయంత్రం వెళ్లి దగ్గరుండి పొదుగు ఖాళీ అయ్యేదాకా పిండించండి, ఆ పాలు రాయొద్దు. మర్నాడు పొద్దున, సాయంత్రం మీ కళ్లముందు పిండిన పాలే రాసుకోండి. ఒక రాత్రి నిద్ర పోతే పోయింది.

పాల ధర: లీటరు ధర అని ఒకటి ఉండదు

కేంద్రంలో గేదె పాలకు డబ్బు వెన్న శాతాన్ని బట్టి వస్తుంది. కిలో వెన్నకు 800 రూపాయలు రేటు అనుకుంటే 7 శాతం ఉన్న పాలకు 56 రూపాయలు, 6.5కు 52, 6కు 48. లెక్క సులువే: రేటును శాతంతో గుణించి వందతో భాగించడం. వెన్న కాని ఘనపదార్థాలు తగ్గితే కోత వేరే ఉంటుంది. ఈనిన కొత్తలో పాలెక్కువ, వెన్న తక్కువ. వట్టిపోయే ముందు పాలు తక్కువ, వెన్న ఎక్కువ. అంచనాకు నేను 6.5 వేసుకుంటాను, అంటే 52 రూపాయలు.

మొదటి ఏడాది నా పాలకు శాతం 5.8 దాటేది కాదు. కేంద్రంలో మిషన్ తప్పు చూపిస్తోందని నెల రోజులు గొణిగాను. తీరా చూస్తే తప్పు మా కొట్టంలోనే ఉంది. పొదుగులో మొదట వచ్చే పాలు పలచన, వెన్నంతా చివరి ధారల్లో ఉంటుంది. నేనేమో ముందంతా పిండేసి, చివర్న దూడను వదిలేవాణ్ణి. మీగడంతా దూడ తాగేది, నీళ్లపాలు నేను కేంద్రానికి మోసేవాణ్ణి. దూడకు ముందే తాగించి, ఆఖరి చుక్క దాకా పిండడం మొదలుపెట్టాక 6.7 వచ్చింది.

ఇంకో చిన్న విషయం కూడా అడిగి తెలుసుకోండి: వాళ్లు కొలిచేది లీటర్లలోనా, కిలోల్లోనా? లీటరు పాలు సుమారు కిలో 30 గ్రాములు తూగుతాయి. నాలుగు గేదెలకు కలిపి రోజుకు 16 లీటర్ల మీద అది అరకిలో తేడా, 52 చొప్పున ఏడాదికి తొమ్మిది వేలు. నా లెక్కలో ఈ తేడా పట్టించుకోకుండా లీటరుకే 52 వేశాను.

ఈతకు పాల రాబడి: 1,800 × 52 = 93,600 రూపాయలు.

మేత ఖర్చు

పాడిలో డబ్బంతా మేతలోనే పోతుంది. అందుకే ఇక్కడ కిలోల్లో రాయండి. "నెలకు దాణాకు ఇంత" అని గుండుగుత్తగా రాస్తే ఏడాది తిరిగేసరికి లెక్క ఎక్కడ తప్పిందో దొరకదు.

దాణా: గేదె ఒంటికి రోజుకు కిలోన్నర, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో. సగటున 6 లీటర్లకు 3 కిలోలు, మొత్తం నాలుగున్నర. 300 రోజులకు 1,350 కిలోలు. వట్టిపోయిన 150 రోజుల్లో మొదటి 90 రోజులు కిలోన్నర చొప్పున, ఈనడానికి ముందు 60 రోజులు 3 కిలోల చొప్పున, కలిపి 315 కిలోలు. ఆ చివరి రెండు నెలలు దాణా తగ్గిస్తే వచ్చే ఈతలో పాలు తగ్గుతాయి, అక్కడ పొదుపు చూడొద్దు. మొత్తం 1,665 కిలోలు, కిలో 30 రూపాయలకు 49,950. మీరు తవుడు, పత్తి చెక్క, మొక్కజొన్న నూక కొని ఇంట్లో కలుపుకుంటే కిలో ఎంత పడుతుందో విడిగా కట్టి చూడండి, ఒక్కోసారి బాగానే తగ్గుతుంది.

వరిగడ్డి: రోజుకు 6 కిలోలు, 450 రోజులకు 2,700 కిలోలు. కిలో 5 రూపాయలకు 13,500. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాక గడ్డి బేలర్ కట్టల్లో దొరుకుతోంది, బేరం కూడా కట్టకు ఇంతని. కట్ట ధర చూసి మోసపోకండి. నాలుగు కట్టలు తూకం వేసి కిలో ధర కట్టండి. మంచుకు తడిసిన కట్ట బరువు తూగుతుంది, లోపల బూజు పడుతుంది.

పచ్చిగడ్డి: రోజుకు 25 కిలోలు, 450 రోజులకు 11,250 కిలోలు. సొంత చేలో పెంచినా కిలోకు రూపాయిన్నర రాయండి: 16,875. "మన చేలోదేగా" అని సున్నా వేస్తే ఆ నేల కౌలుకిస్తే వచ్చే డబ్బు, నీళ్లు, ఎరువు, కోత కూలి అన్నీ గేదె ఖాతాలోంచి మాయమైపోతాయి.

గడ్డికి ఎంత నేల కావాలి? నాలుగు గేదెలకు ఏడాదికి 36 టన్నుల పైచిలుకు. సూపర్ నేపియర్ (పశుగ్రాసం రకం) కణుపులు అమ్మేవాళ్లు ఎకరాకు వందా నూటయాభై టన్నులని చెబుతారు. మంచి నీటివసతి ఉన్నా నేను 60 మించి రాయను. ఆ చొప్పున 60 సెంట్లు. కణుపులు నాటాక మొదటి కోత రెండు, రెండున్నర నెలలకు వస్తుంది. అందుకే గడ్డి ముందు, గేదెలు తర్వాత. నేను తిరగేసి చేశాను, మొదటి రెండు నెలలు పక్క ఊరినుంచి ఆటోలో గడ్డి తెచ్చాను.

మిగతా ఖర్చులు, ఒక ఈత పట్టీ

ఇవి చిన్నవి, త్వరగా చెప్పేస్తాను. లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు, ఈతకు 2,250. సూదులు, నట్టల మందు, పొదుగు వాపు వస్తే వైద్యం కలిపి 4,000. గాలికుంటు, గొంతువాపు టీకాలు ప్రభుత్వ పశువైద్యశాలలో ఉచితమే, అత్యవసరమైతే 1962 నంబరుకు ఫోను చేస్తే బండి వస్తుంది. కానీ పొదుగు వాపు అర్ధరాత్రి మొదలైతే జేబులోంచే పోతుంది. బీమా 4,500. చెవి పోగు ఊడిపోతే వెంటనే మళ్లీ వేయించండి, పోగు లేని గేదెకు బీమా డబ్బు రాదు. కరెంటు, పలుపులు, క్యాన్లు కడిగే సామాను 1,500.

ఒక గేదె, ఒక ఈత, 450 రోజులు:

దాణా: 49,950
వరిగడ్డి: 13,500
పచ్చిగడ్డి: 16,875
లవణ మిశ్రమం: 2,250
వైద్యం: 4,000
బీమా: 4,500
చిల్లర: 1,500
మొత్తం ఖర్చు: 92,575

పాలు: 93,600
పశువుల ఎరువు: 4,000
మొత్తం రాబడి: 97,600

మిగులు: 5,025 రూపాయలు. పదిహేను నెలలకు!

దూడ ఏదీ అని అడుగుతారు. గేదెను 90 వేలకు కొంటాం, అయిదు ఈతల తర్వాత 35 వేలకు అమ్ముతాం. ఈతకు 11 వేలు అరిగిపోతుంది. పెయ్యదూడ పుడితే మూడున్నర, నాలుగేళ్లకు అది ఆ స్థానంలోకి వస్తుంది, దున్న పుడితే రాదు. అందుకని నేను దూడను రాబడిలో రాయను, తరుగుదలను ఖర్చులో రాయను, ఒకదానికొకటి సర్దేస్తాను. లెక్కల మాస్టార్లు ఒప్పుకోకపోవచ్చు. రెండూ రాస్తానంటే రాయండి గాని, దూడను రాబడిలో వేసి తరుగుదలను మరిచిపోవద్దు. నేను చూసిన ప్రాజెక్టు రిపోర్టుల్లో సగం అలాగే ఉంటాయి.

నాలుగు గేదెలకు, ఏడాదికి

ఈత లెక్కను 365తో గుణించి 450తో భాగించి, నాలుగుతో గుణిస్తే ఏడాది లెక్క వస్తుంది. పాలు 5,840 లీటర్లు. మిగులు 16,303.

ఇందులో మీ ఇంటివాళ్ల కష్టం లేదు. నాలుగు గేదెలకు రోజుకు అయిదు గంటల పని తేలిగ్గా ఉంటుంది. నాలుగున్నరకు లేవడం, పేడ తీయడం, పిండడం, కేంద్రానికి తీసుకెళ్లడం, గడ్డి కోయడం, కడగడం, మళ్లీ సాయంత్రం అదే వరస. దానికి రోజుకు 300 రూపాయలే వేసుకున్నా ఏడాదికి 1,09,500. లీటరు మీద చూస్తే ఎరువు డబ్బు తీసేశాక పాల ఖరీదు 49 రూపాయలు, కష్టం మరో 19. అంటే 68 రూపాయలు పడ్డ పాలను 52కు పోస్తున్నాం.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. దాణా కొని, గడ్డి కొని, జీతగాణ్ణి పెట్టి, పాలన్నీ కేంద్రానికే పోసే పద్ధతిలో నాలుగు గేదెల పాడి నిలబడదు. సొంత గడ్డి ఉండి, ఇంటి మనుషులే చేసుకుంటూ, పాలల్లో కొన్నైనా ఇళ్లకు పోయగలిగితే కూలి గిట్టుతుంది.

ఇళ్లకు పోస్తే ఎంత మారుతుంది? సగం పాలు, అంటే సగటున రోజుకు 8 లీటర్లు, వాడికగా లీటరు 70కి పోస్తే లీటరుకు 18 ఎక్కువ. ఏడాదికి 52,560. అప్పుడు మిగులు 68,863. ఇందులోంచి పెట్రోలు తీయండి, ఎగ్గొట్టే ఇల్లు ఒకటి ఉంటుంది, అదీ తీయండి. ఆ 8 లీటర్లు ప్రతిరోజూ ఉండాలి కూడా. రెండు గేదెలు ఒకేసారి వట్టిపోయిన నెలలో "రేపట్నుంచి రెండు నెలలు పాలు లేవమ్మా" అంటే ఆ ఇల్లు పోయినట్టే. అందుకే రెండు గేదెలు ఇప్పుడు, మిగతా రెండు ఆరు నెలల తర్వాత కొనాలి.

చూడి కట్టే రోజులు తగ్గించుకోవడం ఇంకో దారి. 450 బదులు 400 రోజులకే ఈనితే 50 వట్టి రోజుల మేత, రోజుకు 117 రూపాయల 50 పైసల చొప్పున, మిగులుతుంది. ఆ 93,600 పాల రాబడి 400 రోజుల్లోనే చేతికొస్తుంది. గేదెకు రోజుకు 15 రూపాయల దాకా తేడా, నాలుగింటికి ఏడాదికి 21 వేల పైన. ఎద కనిపెట్టడం వచ్చిన మనిషి ఇంట్లో ఉండటం విలువ అంత.

పెట్టుబడి, అప్పు, చేతిలో డబ్బు

గేదెలు 3,60,000. పాక 70,000 (రేకులు వద్దు, తాటాకో గడ్డికప్పో వేయండి, మా వైపు మే నెలలో రేకుల కింద గేదె రొప్పుతుంది). గడ్డి ముక్కలు చేసే మిషను 25,000. నేపియర్ నాటడానికి 15,000. దలారీ, లారీ కిరాయి 12,000. క్యాన్లు, తొట్లు, గొలుసులు 10,000. ఇవి 4,92,000. ఏడాది వరిగడ్డి కోతలప్పుడే ఒక్కసారి కొనాలి, 8,760 కిలోలకు 43,800. కాలువకు నీళ్లు రాని ఏడాది ఏప్రిల్‌లో కొనబోతే రెట్టింపు చెప్పినా గడ్డి దొరకదు. ఆపైన కదలని సొమ్ము 40,000 పక్కన ఉండాలి. వెరసి 5,75,800.

ఇందులో 3 లక్షలు అప్పు తెస్తే 10 శాతం వడ్డీకి అయిదేళ్లలో నెలకు సుమారు 6,375 కట్టాలి, ఏడాదికి 76,500. ఇప్పుడు పై మిగులు 68,863 పక్కన పెట్టి చూడండి. చాలదు.

ఇక్కడే లాభం వేరు, చేతిలో డబ్బు వేరు అని తెలుస్తుంది. పచ్చిగడ్డికి ఏడాదికి 54,750 రాశాం, అందులో నిజంగా చేతి నుంచి పోయేది సగమే అనుకుంటే మరో 27,000 జేబులో ఉంటుంది. కిస్తీ పోగా ఏడాదికి 19,000 మిగులుతుంది. అంటే కిస్తీ కట్టేది పాలు కాదు, మీ నేల, మీ ఇంటివాళ్ల కష్టం. ఆ సంగతి తెలిసి అప్పు తీసుకుంటే ఫర్వాలేదు. దాణాకు మాత్రం కొట్టులో అరువు పెట్టకుండా కిసాన్ క్రెడిట్ కార్డు అడగండి. 2018-19 నుంచి పశుపోషకులకూ ఇస్తున్నారు. కొట్టులో అరువు బస్తా ధర నగదు బస్తా ధర ఒకటి కాదు.

పన్నెండు నెలల గళ్ల కాగితం ఒకటి గీసి, ప్రతి నెలా ఎన్ని గేదెలు పాలిస్తాయి, బిల్లు ఎంత, దాణా ఎంత, కిస్తీ ఎంత రాయండి. మొత్తం కూడితే లాభం కనిపించే ఏడాదిలోనే రెండు మూడు నెలలు గళ్లు మైనస్‌లో ఉంటాయి. ఆ 40,000 ఆ నెలల కోసమే.

లెక్కను ఒకసారి కుదిపి చూడండి

అంచనా పూర్తయ్యాక మూడు ప్రశ్నలు వేయండి, ఒకదాని తర్వాత ఒకటి.

దాణా కిలోకు 3 రూపాయలు పెరిగితే? ఏడాదికి 5,400 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు 108. పోయేది 16,206. కేంద్రానికే పోసేవాడి మిగులు మొత్తం దాదాపు అంతే.

పాల ధర 3 రూపాయలు తగ్గితే? పాలన్నీ కేంద్రానికే పోస్తుంటే 17,520 పోతుంది.

ఒక గేదె మూడు సూదులకూ చూడి కట్టకపోతే? మరో 90 వట్టి రోజులకు 10,575, పైగా వాడిక ఇళ్లకు పాలు చాలవు.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి జరిగినా తట్టుకుంటే మొదలుపెట్టండి. ఏ ఒక్కదానికైనా కూలిపోతే రెండు గేదెలతో మొదలుపెట్టి ఒక ఈత గడిచేదాకా ఆగండి. ఈ మూడింటిలో ఏ రెండైనా ఒకేసారి వస్తే తట్టుకునే లెక్క మాత్రం నేనింతవరకు ఎవరి దగ్గరా చూడలేదు, నా దగ్గరా లేదు.

మొదలుపెట్టాక ఒక క్యాలెండర్ కొట్టంలో గుంజకు తగిలించండి. పూటపూటా పాలు, దాణా బస్తా విప్పిన రోజు, ఎదకొచ్చిన రోజు, సూది వేయించిన రోజు, అంతే. మా ఇంట్లో ఆ రాతలన్నీ అమ్మవే. పోయిన నెల ఒక తారీఖు కింద "నల్లది 21 రోజులకు మళ్లీ ఎద" అని రాసి ఉంది. ఆ పూటే ఫోను చేసి మళ్లీ సూది వేయించాను.